రేనాటి రాజ్యమును మనము మరచిన విధము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయక మగు వ్యాస మొకటి వ్రాయుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. పోషకులలో పెద్దలు కొందరు మరియొక మాటయు చేర్చిరి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నొకప్పు డేలిన రేనాటి చోళులకును మన కులమునకును సంబంధము కలదని నిరూపింపవలయునని వారి యభిలాష. మొదటి కోరికను శిరసావహించితిమి. రెండవదానిని గూర్చి మేము చెప్పదలచినది వ్యాసము చివర తెలియగలదు. ముందుగా ఆ రాజ్య మెట్టిదో, మనము దాని నెట్లు మరచితిమో విన్నవించెదము.

రేనాడు

పెన్న, కుందు, చిత్రావతి, పాపఘ్ని నదులు పారెడు నల్లరేగడి నేలకు రేనాడని ప్రాచీన నామము. శాసనములలో నిది రేనాడు ఏడువేలు అని పేర్కొనబడినది. నేటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, కమలాపురము, పులివెందుల ప్రాంతములును, కుందూనది కెగువనున్న కోవెలకుంట్ల ప్రాంతమును ఇందులోనివే. క్రీస్తుశకము ఆరవ శతాబ్దము మొదలుకొని తొమ్మిదవ శతాబ్దము వరకు చోళనామధారులగు రాజు లీ నాటి నేలిరి. దక్షిణమున కాంచీ పల్లవులు, పశ్చిమమున బాదామి చాళుక్యులు. ఈ యిరువురు బలవంతుల నడుమ నొకప్పు డొకరికి, మరియొకప్పుడు వేరొకరికి లోబడుచు, తమ నాటిని తాము కాపాడుకొనిన చిన్న రాజ్య మిది.

వీరి వంశక్రమము మాలేపాడు తామ్రశాసనమువలన తెలియవచ్చినది. 1911-12 సంవత్సరముల ఎపిగ్రాఫియా ఇండికా పదునొకండవ సంపుటమున హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. నందివర్మకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయుడు నను ముగ్గురు కుమారులు. ధనంజయుని కొడుకు మహేంద్రవిక్రముడు. అతని పుత్రులు గుణముదితుడును, పుణ్యకుమారుడును. ఈ పుణ్యకుమారుని తామ్రపత్రములు జమ్మలమడుగు దాపున నున్న దొమ్మర నంద్యాలయందును లభించినవి. ప్రొద్దుటూరు చెంత పెన్నయొడ్డున నున్న రామేశ్వరమునందలి స్తంభముపైనను, ఎర్రగుంట్ల చేరువనున్న పొట్లదుర్తి, తిప్పలూరు గ్రామములందలి శిలలపైనను అతని పేరు చెక్కబడి యున్నది. అనగా మన మహాసభ జరుగు చోటినుండి ఎడ్లబండిపై నొకదినము ప్రయాణము చేసినచో, పదుమూడువందల యేండ్ల క్రిందటి యొక రాజు నామమును పలుచోట్ల కనులార చూడవచ్చును.

చీనా యాత్రికుడగు హ్యూన్‌త్సాంగు ఏడవ శతాబ్దమున ఆంధ్రదేశమును దర్శించినవాడు. ధాన్యకటకమునకు నైరృతి దిశగా వేయి లీల దూరమున చోళదేశ మొకటి కలదని యాయన వ్రాసెను. అది రేనాడే యని చరిత్రకారులలో పెక్కండ్ర యభిప్రాయము. ఆ దేశము అడవులతోను, చిత్తడి నేలలతోను నిండియున్నదనియు, జనులు కొలదిమంది యనియు, దొంగలు పట్టపగలే తిరుగుచుందురనియు నాయన వర్ణించెను. ఈ వాక్యమును సభాసదులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మనసీమను గూర్చి పరాయివారు వ్రాసిన మొదటి మాట యిది. మనవారు తమ్ము గూర్చి తాము వ్రాసికొనిన మాట దీనికి భిన్నమైనది. అది శిలలపై నున్నది.

శిలలు చెప్పునది

ఎర్రగుంట్ల మండలమునందలి కలమళ్ల గ్రామమున చెన్నకేశవస్వామి యాలయ ప్రాంగణమునకు చెందిన శాసనము తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీన మైనదిగా ప్రసిద్ధి గాంచినది. లిపినిబట్టి పండితులు దానికి క్రీ.శ. 575 ప్రాంతపు కాలము నిర్ణయించిరి. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాటి నేలుచుండగా చిఱుంబూరునకు సంబంధించి జరిగిన యొక వ్యవహార మందు పేర్కొనబడినది. నడుమ పంక్తు లరిగిపోయినవి. తుదిని మహాపాతకమను మాట నిలిచియున్నది. చిఱుంబూరే నేటి చిలమకూరని పండితుల యూహ.

దీనికి దగ్గరకాలపుదే ఎర్రగుడిపాటి శాసనము. ఇందు ఎరికల్ ముత్తురాజు ఒక బ్రాహ్మణునకు పన్నస, అనగా పన్నులేని భూమి, యిచ్చినట్లును, ఆ దానమునకు కొందరు సాక్షులుగా నున్నట్లును కలదు. స్వస్తిశ్రీయను సంస్కృత మంగళవాక్యము తోడనే మొదలిడి, అటుపిమ్మట రాజు తెనుగుననే తన ధర్మమును చెప్పుకొనినాడు. 1904వ సంవత్సరమున మద్రాసు శాసనశాఖవా రీ ప్రాంతమునకు వచ్చి శిలల యచ్చుప్రతులు తీసికొనిరి. కె.ఎ. నీలకంఠశాస్త్రిగారును, ఎం. వెంకటరామయ్యగారును రేనాటి చోళుల శాసనముల నొక్కచోట చేర్చి 1947-48 నాటి ఎపిగ్రాఫియా ఇండికా ఇరువదియేడవ సంపుటమున ప్రకటించిరి.

ఇందలి విశేష మేమి? అంతకు పూర్వ మాంధ్రదేశమున శాతవాహనులు, ఇక్ష్వాకులు ప్రాకృతమున శాసనములు వేయించిరి. పల్లవులు, విష్ణుకుండినులు సంస్కృతము నాదరించిరి. ప్రజ లింటను, పొలమునను పలుకు మాటను రాజశాసనమున కెక్కించినవారు రేనాటివారు. కోస్తాదేశమున తూర్పు చాళుక్యరాజగు జయసింహవల్లభుని విప్పర్ల శాసనము వెలువడు నప్పటికి క్రీ.శ. 641వ సంవత్సరము వచ్చినది. నన్నయభట్టు భారతమును తెనిగించుటకు దాదాపు ఐదువందల యేండ్లకు ముందే యీ నల్లరేగడి నేలపై తెనుగు రాజభాష యైనది.

మేము సంస్కృతము చదివి దానిచే జీవించినవారము. ఆ భాషను తక్కువ చేయుట మాకు తగదు. అయినను ఒక భేదమును చెప్పక తప్పదు. మాలేపాటి తామ్రపత్రముల సంస్కృతమున సూర్యవంశము, కరికాలచోళుడు, కావేరి గట్లు, బిరుదములు కనబడును. కలమళ్ల, ఎర్రగుడిపాటి తెనుగు శిలలయందు ఊరు, భూమి, ఇచ్చినవాడు, పుచ్చుకొనినవాడు, సాక్షులు కనబడుదురు. సంస్కృతమున రాజు తా నెవరివాడో చెప్పుకొనెను. తెనుగున తా నేమి చేసెనో చెప్పెను. మన మా మొదటిదానిని తలకెత్తుకొని రెండవదానిని విడిచిపెట్టితిమి. మరపున కిదియే మూలము.

మరపు పెరిగిన తీరు

ఇరువదవ శతాబ్దపు టారంభమున ఆంధ్రుల చరిత్రను తెనుగున వ్రాయవలయునను నుత్సాహము కలిగినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, తదుపరి మల్లంపల్లి సోమశేఖరశర్మగారి శాసనపరిశోధనలు ఆ యుత్సాహపు ఫలములే. వా రొనర్చిన సేవకు మనము ఋణపడి యున్నాము. అయినను పాఠ్యపుస్తకముల కెక్కిన చరిత్ర వేరు. శాతవాహనులు, తూర్పు చాళుక్యులు, కాకతీయులు, విజయనగర చక్రవర్తులు నను పెద్ద మెట్లమీదుగా నది నడచును. చిన్న రాజ్యము మెట్ల నడిమి సందున పడినది.

మనసీమ పేరు సైతము మన చేతిలో చిరకాలము లేదు. 1800లో నిజాము దీనిని కుంపిణీవారికి ధారాదత్తము చేయగా దత్తమండలమైనది. 1928 నవంబరులో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యను గౌరవనామము కలిగినది. అది సంతోషింపదగిన సంగతియే. కాని రాయలకు తొమ్మిదివందల యేండ్లకు పూర్వపుదైన రేనాడను పేరు మాత్రము, అటు పిమ్మట కోవెలకుంట్ల వైపు జనుల నోళ్లలోను, 1847లో నురిదీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలలోను నిలిచినదే కాని, పాఠములలో నిలువలేదు.

మేము ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు, సంస్కృతములు బోధించితిమి. పానిపట్టు యుద్ధములు మూడును ఏ సంవత్సరములలో జరిగినవో 1526, 1556, 1761 అని తడుముకొనక చెప్పు బాలురను వేలకొలది చూచితిమి. వారిలో కలమళ్లను గూర్చి యెరిగినవారు, 1994లో విద్యుదుత్పత్తి మొదలిడి నేడు 1650 మెగావాట్ల సామర్థ్యముగల రాయలసీమ తాపవిద్యుత్కేంద్ర మచ్చట నున్నదని మాత్ర మెరుగుదురు. చిలమకూరనిన సిమెంటు, పులివెందుల వైపు తుమ్మలపల్లె యనిన యురేనియము గనులు, ఎర్రగుంట్ల యనిన నాపరాళ్లు. మన ఊళ్ల రాయి విలువ లోకమున కంతటికిని తెలిసినది. రాతిమీది వ్రాత విలువ మనకు తెలియలేదు.

ఒక సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి రేనాణ్డు ఏళన్ అను రెండు మాటలను నల్లబల్లపై వ్రాసి, అర్థము చెప్పుడంటిమి. ఏళన్ అనగా నేమియో యని కొంత తడవు గొణుగుకొని, పులివెందుల పల్లెనుండి వచ్చిన బాలు డొకడు “ఏలుకోవడమా సారూ?” యనెను. అవునంటిమి. “అంటే ఆ రాజు మన మాదిరే మాట్లాడినాడా?” యని మరల నడిగెను. పాఠ్యపుస్తకమున నొక వాక్యముగా నున్న చరిత్ర ఆ దినమున వాని యింటిమాట యైనది. ప్రాచీన తెలుగు శాసనము ఏదియను ప్రశ్నకు కలమళ్ల శాసన మని యొక మార్కు కొరకు వ్రాయుట వేరు. ఆ శాసనము నే నొకింత చదువగలనని తెలిసికొనుట వేరు. మన పాఠశాలలు మొదటిదానితో తృప్తి చెందినవి.

2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినప్పుడు కలమళ్ల పేరు సభలలో మారుమ్రోగినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైన పిమ్మట ప్రాచీనత్వమున కొక పోటీయు నేర్పడినది. తెలంగాణమునందలి కీసరగుట్టమీద తొలుచువాన్ఱు అను పేరు చెక్కబడి యున్నదనియు, అది యింకను పూర్వపుదనియు పండితు లనుచున్నారు. రాతిని తొలుచువారి పేరది. అది ముందైనను, ఇది ముందైనను తెలుగువారికి గర్వకారణమే. కాని మొదటిది యెవరిదను తగవులాటలో, ఆ రాతిపై నేమున్నదో చదువువారు కరవైరి. మొదటిదను బిరుదముకూడ నొకవిధమైన మరపే.

ఇక జ్ఞాపకము చెడిన చోట్లు మరికొన్ని కలవు. జమ్మలమడుగు సమీపమున పెన్న యొడ్డున నొక గొప్ప జైనక్షేత్రము వెలసి యుండెను. రాష్ట్రకూటుడగు మూడవ ఇంద్రుడు, నిత్యవర్ష బిరుదాంకితుడు, పదవ శతాబ్దమున శాంతినాథుని స్నపనమునకై పీఠ మర్పించిన చోటది. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున త్రవ్వకములు జరుగువరకు నది యిసుకలో పూడియుండెను. అచ్చటి విగ్రహములు కొన్ని మద్రాసు ప్రదర్శనశాలకు చేరినవి. ఆ యూరి పేరు దానవులపాడు. అహింసావ్రతులగు జినులు కొలువున్న తావు జనుల నోట దానవుల పాడైనది!

గండికోటను చూడుడు. పెమ్మసాని నాయకు లేలిన దుర్గము, 1650లో మీర్ జుమ్లా వశమైనది. రెండేండ్లకు ఫ్రెంచి వర్తకుడగు టావెర్నియే యచ్చటికే వచ్చి యాతనిని కలిసికొని వర్ణనము వ్రాసెను. నేడు యాత్రికులు దానిని అమెరికాలోని యొక లోయ పేరుపెట్టి పిలుచుచున్నారు. కోట క్రిందుగా నిర్మింపబడిన జలాశయమునకై కొండాపురము ప్రాంతమున పెక్కు గ్రామములు లేచిపోయినవి. తాళ్లప్రొద్దుటూరును 2020లో నీరు ముంచెత్తినది. ఊరు లేచినప్పుడు ఇండ్లకును పొలములకును వెల కట్టుదురు. ఊరిపెద్దల నోటనున్న కథలకు వెల కట్టువారుండరు.

సినిమాలవారును, పత్రికలవారును మన సీమ నెట్లు చూపుచున్నారో సభాసదులకు చెప్ప నక్కరలేదు. కత్తులు, బాంబులు, పగలు. హ్యూన్‌త్సాంగు వ్రాసిన దొంగలమాటయే పదుమూడువందల యేండ్లకు వెండితెర కెక్కినది. ఇద్దరు ముఖ్యమంత్రులను శాసనసభకు పంపిన పులివెందులనుండి పైచదువులకు దూరదేశము పోవు బాలుని తోడివిద్యార్థు లడుగునది యేమి? మీ యూర నిత్యము కొట్లాటలేనా యని. వాడు బదులు చెప్పలేక నవ్వి యూరకుండును. మా రాజు దానమిచ్చి, సాక్షులను పిలిచి, మా మాటలో రాతిపై వ్రాయించినాడని చెప్పుట కేమున్నది? ఎవరును వానికి నేర్పలేదు. ఇదియే యీ మరపువలన కలిగిన నష్టము. ఇది పండితుల నష్టము కాదు, పిల్లల నష్టము.

వంశప్రశ్న

ఇప్పుడు పెద్దల రెండవ కోరికకు వత్తుము. రేనాటి చోళులు మనవారా?

ముత్తురాజు, చోళమహారాజు అను మాట లీ శాసనములలో ప్రభువుల పేళ్లకు చేరిన బిరుదములు. వానిని పట్టుకొని నేటి కులమునకు త్రోవ వేయుట చరిత్రమార్గము కాదు. కరికాలుని సంతతివార మని చెప్పుకొనుటయు నిట్టిదే. రేనాటివారి తరువాత పొత్తపి చోడులును, కొణిదెన చోడులును, నెల్లూరి చోడులును అదే కరికాలుని తమ మూలపురుషునిగా చెప్పుకొనిరి. రాజ్యము చేసినవారికే వంశకీర్తికై కావేరితీరము వరకు పోవలసి వచ్చెను. అట్టి వంశావళిని మనము మరల నరువు తెచ్చుకొనుట యెంతమాత్ర మవసరము? మన కులమే కాదు, ఏ కులసంచికను తెరచి చూచినను ఒక రాజవంశము మాది యను వ్యాసము కనబడును. ఒకే రాజును నాలుగు సంఘములవారు తమవాడందురు. ఆ రాజు వేయించిన రాయి మాత్ర మూరి గుడివెనుక ముండ్లపొదలో నుండును. దానిని మాది యనువా డొక్కడును లేడు.

కావున పెద్దలు మమ్ము మన్నింపవలెను. మన కులమునకు రేనాటి చోళులతో సంబంధము కలదని మేము వ్రాయజాలము. సంబంధము లేదనియు వ్రాయము. ఈ నేలయందు పుట్టి, యీ మాట పలుకు ప్రతివానికిని వారితో సంబంధము కలదని మాత్రము వ్రాసెదము. దానమునకు సాక్షులుగా నిలచినవారి వంశ మేదియో, రాతిని తొలిచిన శిల్పి కుల మేదియో, పన్నస భూమిని దున్నిన కాపరి యెవ్వడో మన మెరుగము. వారిలో మన పూర్వులు లేరని యెవడు చెప్పగలడు? రాజుకంటె వారితో చుట్టరికము మనకు చేరువది.

మన కర్తవ్యము

ఇంతకు పూర్వము మనవారు చరిత్రను కాపాడిన దాఖలాలు లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్ద ప్రారంభమున కర్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులు మున్నగువారు గ్రామగ్రామము తిరుగగా, కరణములు తమ కవిలెలు తీసి కైఫియత్తులు వ్రాయించిరి. కడపలో నివసించిన బ్రౌనుదొర పండితులచే తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. ఆయన పేర కడపలో గ్రంథాలయము నెలకొల్పుటకు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చేసిన కృషి మనలో పెక్కురు కన్నులార చూచినదే. కడప జిల్లా కైఫియత్తు లచ్చటినుండి సంపుటములుగా వెలువడినవి. వానిని కొని చదివినవారు సభలో నెందరున్నారో ఎవరికివారు చూచుకొనవలెను.

సంఘమువారికి మా విన్నపములు నాలుగు. మొదటిది, మన సభ్యులున్న ప్రతి గ్రామమునను గుడిలో, చావడిలో, చెరువుకట్టపై, పొలము గట్టున వ్రాతగల రాళ్లెన్ని కలవో పట్టిక వ్రాసి సంఘ కార్యాలయమున నుంచవలెను. రెండవది, జీర్ణోద్ధారణ చేయునప్పుడు శాసనమునకు సున్నము గాని రంగు గాని పూయరాదు, నూనె పోయరాదు, పునాదిలో పెట్టరాదు. దాతల పేళ్లు చెక్కించు చలువరాతి పలకలకై పాతరాతిని తొలగించుట మహాపచారము. మూడవది, భూమి దున్నునప్పుడు రాగిరేకులు దొరకినచో పాత్రసామాను వర్తకునకు అమ్మక కలెక్టరునకు తెలుపవలెను. భూమిలో దొరకిన పాత వస్తువులను గూర్చి 1878 నాటి నిక్షేపముల చట్ట మట్లే శాసించుచున్నది. మైసూరునందలి కేంద్ర పురావస్తుశాఖవారి శాసనవిభాగము వాని నచ్చుతీసి చదివి చెప్పగలదు. నాలుగవది, ప్రతి సంవత్సరము వంశవృక్షముల ముద్రణకు వెచ్చించు ద్రవ్యములో సగము తీసి, కలమళ్ల, ఎర్రగుడిపాడు, పొట్లదుర్తి, రామేశ్వరములకు బాలబాలికలను తీసికొనిపోవుటకును, శాసనమును తప్పులేక చదివి యర్థము చెప్పినవారికి బహుమానము లిచ్చుటకును వినియోగింపవలెను. కులభేదము చూడక ఆ బహుమానము లీయవలెను. శాసనమున రాజు కులము చూచి సాక్షులను పిలిచినట్లు లేదు.

రేనాటి రాజులు తమ ధర్మమును చెరచువాడు మహాపాతకుడగునని శాసనముల తుదిని వ్రాయించిరి. భూమి నపహరించువానికై వ్రాసిన హెచ్చరిక యది. రాతినే పోగొట్టువా రుందురని వారు తలచి యుండరు. మన తరమున నట్టివారమని పేరు పడకుండుటకు ఈ మహాసభయందే పైవిన్నపములను తీర్మానములుగా స్వీకరింప వేడుచున్నాము.

సర్వే జనా స్సుఖినో భవంతు. శుభం భూయాత్.